గ్రహాల ఫొటోలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పెరటి టెలిస్కోపుతో గ్రహాలను ఫొటో తీయడం గురించి వచ్చిన ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తం ఇచ్చేశాం. ఒకే సంగతి పలువురు అడిగినచోట ప్రశ్నలను కలిపేశాం. "ఇంకా పెద్ద టెలిస్కోపు కొనాలా?" అన్న అనుమానం చాలా ఉత్తరాల్లో కనిపించింది. దానికి ముందే జవాబు చెప్పేస్తున్నాం. 6 నుంచి 8 అంగుళాల టెలిస్కోపు ఉంటే గురుడి మీద పెద్ద ఎర్రమచ్చ, శని వలయాల్లో కాసిని చీలిక అనే నల్లటి సందు, కుజుడి ధ్రువాల దగ్గరి మంచు టోపీ అన్నీ ఫొటోకు అందుతాయి. అందకపోతే తప్పు చాలాసార్లు గాలిలోనో, చల్లారని అద్దంలోనో, కుదరని ఫోకస్‌లోనో ఉంటుంది.

ప్రశ్న: నాది 8 అంగుళాల డాబ్సోనియన్ (తిరిగే పెట్టె మీద నిలబెట్టే అద్దాల టెలిస్కోపు). కంటితో చూస్తే గురుడి మీద రెండు పట్టీలు చక్కగా కనిపిస్తున్నాయి. ఐపీస్ దగ్గర ఫోన్ పెట్టి తీస్తే తెల్లటి ముద్ద తప్ప ఏమీ రావడం లేదు. ఫోన్ మార్చాలా?

అక్కర్లేదండీ. తెర నిండా నల్లటి ఆకాశం, నడుమ చిన్న బింబం. ఫోన్ ఆ నలుపు చూసి వెలుతురు చాలదనుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. దాంతో గురుడు తెల్లగా మాడిపోతాడు. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే ఐఎస్‌వో 200, షట్టర్ 1/125 దగ్గర మొదలుపెట్టి, పట్టీలు కనిపించేదాకా షట్టర్ వేగం పెంచుకుంటూ పోండి. ప్రో మోడ్ లేకపోతే చాలా ఫోన్లలో బింబం మీద వేలు నొక్కిపట్టి ఉంచితే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. ఆ తర్వాత వెలుతురు గీతను కిందికి లాగాలి. తెర మీద కాస్త మసకగా ఉంది అనిపించే స్థాయే సరైనది.

ఫోన్ చేత్తో పట్టుకుంటే పని జరగదు. ఐపీస్‌కు బిగించే ఫోన్ హోల్డర్ కావాలి. ఐపీస్ 10 లేదా 12 మి.మీ. ఉంటే మంచిది. మరీ చిన్న ఐపీసుల్లో కన్ను పెట్టే రంధ్రం ఇరుగ్గా ఉండి ఫోన్ లెన్స్ కుదురుకోదు. రెండు మూడు లెన్సులున్న ఫోన్లతో ఇంకో చిక్కుంది: జూమ్ చేయగానే ఫోన్ తనంతట తానే పక్క లెన్స్‌కు మారిపోతుంది, బొమ్మ మాయమవుతుంది. అందుకని 1ఎక్స్ లెన్స్ మీదే ఉంచి, పెద్దదిగా కావాలంటే ఐపీస్‌కు ముందు బార్లో లెన్స్ పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఫొటో కాదు, వీడియో తీయండి. సెకనుకు 60 ఫ్రేముల చొప్పున, హెచ్‌డీఆర్ లాంటి హంగులన్నీ ఆపేసి, 30 సెకన్ల ముక్కలు నాలుగైదు తీయండి. గ్రహం అటూ ఇటూ జరిగినా ఫరవాలేదు. పిప్ అనే ఉచిత ప్రోగ్రాం ప్రతి ఫ్రేములోనూ గ్రహాన్ని వెతికి మధ్యకు తెచ్చి, మిగతా నలుపును కత్తిరించి, తర్వాతి పనికి సిద్ధం చేస్తుంది.

ప్రశ్న: నెబ్యులాలను (అంతరిక్షంలోని వాయుమేఘాలను) నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి తీస్తారు కదా. గ్రహాలకు వీడియో ఎందుకు?

నెబ్యులాకు వెలుతురు తక్కువ. గ్రహానికి వెలుతురు కావలసినంత ఉంది, లేనిదల్లా నిలకడైన గాలి. మన తల మీద కిలోమీటర్ల మందాన ఉన్న గాలిలో వేడి పొరలు, చల్లటి పొరలు కలుస్తూ ఉంటాయి. వాటిలోంచి వచ్చే కాంతి సెకనులో అనేకసార్లు వంగుతుంది. ఒక్క సెకను ఎక్స్‌పోజర్ ఇస్తే ఆ కదలికలన్నీ కలిసిపోయి బొమ్మ అలుక్కుపోతుంది. అదే 10 మిల్లీసెకన్లతో తీస్తే ప్రతి ఫ్రేమూ ఒక క్షణాన్ని పట్టుకుంటుంది. అందులో ఎక్కువ భాగం వంకరపోయినవే. కొన్ని మాత్రం గాలి క్షణంపాటు సద్దుమణిగినప్పుడు దొరికినవి. కంప్యూటర్ ఆ మంచివాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. దీన్నే స్టాకింగ్ అంటున్నాం.

పేర్చడం వల్ల గరుకు (నాయిస్) కూడా తగ్గుతుంది. ఎన్ని ఫ్రేములు పేరిస్తే వాటి వర్గమూలమంత లాభం. 4,000 ఫ్రేములు పేరిస్తే నాయిస్ దాదాపు 63 రెట్లు పడిపోతుంది. ఒక్క ఫ్రేము చూసి గరుకుగా ఉందని నిరుత్సాహపడనక్కర్లేదన్నది ఇందుకే.

ప్రశ్న: ప్లానెటరీ కెమెరా కొందామనుకుంటున్నాను. పిక్సెల్ సైజు అంటున్నారు, ఎఫ్ నిష్పత్తి అంటున్నారు. నా టెలిస్కోపుకు 2ఎక్స్ బార్లో సరిపోతుందా, 3ఎక్స్ కావాలా?

లెక్క తేలికే. కెమెరా పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 5తో గుణించండి. వచ్చిన అంకె దగ్గర మీ టెలిస్కోపు ఎఫ్ నిష్పత్తి (ఫోకల్ లెంగ్త్‌ను వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె) ఉండాలి. గాలి అంతంతమాత్రంగా ఉండే చోట 4తో గుణించినా చాలు.

ఇప్పుడు వాడుకలో ఉన్న ప్లానెటరీ కెమెరాల్లో చాలావాటికి పిక్సెల్ 2.9 మైక్రాన్లు. అయిదు రెట్లంటే ఎఫ్/14.5. మీది 200 మి.మీ. వ్యాసం, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న న్యూటోనియన్ (డాబ్సోనియన్ లాంటి అద్దాల టెలిస్కోపు) అయితే అది ఎఫ్/6. 2ఎక్స్ బార్లోతో ఎఫ్/12, 2.5ఎక్స్‌తో ఎఫ్/15. రెండూ పనికొస్తాయి. 3ఎక్స్ పెడితే ఎఫ్/18 అవుతుంది, గాలి చాలా బాగున్న రాత్రి తప్ప లాభం లేదు. 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ (ముందు గాజుపలకతో మూసి ఉండే పొట్టి గొట్టం టెలిస్కోపు) అయితే మామూలుగానే ఎఫ్/10 కాబట్టి 1.5ఎక్స్ బార్లో చాలు. అదే 3.75 మైక్రాన్ల పాత కెమెరాకు ఎఫ్/18.75 కావాలి గనుక ఆ ష్మిట్-కాసెగ్రెయిన్‌కు 2ఎక్స్ సరిగ్గా సరిపోతుంది.

"ఇంకా పెద్ద బొమ్మ వస్తుంది కదా" అని 5ఎక్స్ బార్లో కొనేవాళ్లున్నారు. దయచేసి కొనకండి. ఎఫ్ నిష్పత్తి రెట్టింపైతే ఒక్కో పిక్సెల్ మీద పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. దాన్ని పూడ్చడానికి ఎక్స్‌పోజర్ పెంచాలి, పెంచితే గాలి కదలిక ఫ్రేములోకి వచ్చేస్తుంది. టెలిస్కోపు చూడగల వివరానికి వ్యాసమే హద్దు. 200 మి.మీ.కు అది దాదాపు 0.6 ఆర్క్‌సెకను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). బొమ్మను ఎంత సాగదీసినా ఆ హద్దు మారదు.

బొమ్మ ఎంత వస్తుందో కూడా ముందే తెలుసుకోవచ్చు. పిక్సెల్ సైజును 206తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక పిక్సెల్‌కు ఎన్ని ఆర్క్‌సెకన్లో తెలుస్తుంది. 2.9 మైక్రాన్లు, 2400 మి.మీ. అయితే 0.25. గురుడు 45 ఆర్క్‌సెకన్లు ఉన్నప్పుడు తెర మీద 180 పిక్సెళ్ల బింబం వస్తుంది. చిన్నదే, అయినా అందులో చూడదగ్గదంతా ఉంటుంది.

ఇక రంగుల కెమెరానా, మోనోనా (నలుపు తెలుపుదా) అన్నది. మొదటి కెమెరాగా రంగులదే తీసుకోండి. మోనోతో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఒకదాని వెంట ఒకటి మార్చుతూ తీయాలి, ఆలోగా గురుడు తిరిగిపోతుంటాడు. రంగుల కెమెరాకు ముందు యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ మాత్రం తప్పనిసరి. కొన్ని కెమెరాల గాజుపలకకే ఆ పూత ఉంటుంది, లేనివాటిలో కంటికి కనిపించని పరారుణ కాంతి కూడా పడి రంగులు వెలిసిపోయి, అంచులు మెత్తబడతాయి.

ప్రశ్న: ఐపీస్‌లో మధ్యలోనే ఉంటుంది. ఐపీస్ తీసి కెమెరా పెట్టగానే గ్రహం కనబడదు. గంటసేపు వెతికినా దొరకదు.

చాలాసార్లు గ్రహం సెన్సర్ మీదే ఉంటుంది, ఫోకస్ మరీ దూరంగా ఉండటం వల్ల మసకబారి కనిపించదు. గెయిన్ (సెన్సర్ సంకేతాన్ని పెంచే అమరిక) బాగా పెంచి, ఎక్స్‌పోజర్ 200 మిల్లీసెకన్లకు తీసుకెళ్లండి. అప్పుడు నడుమ నల్లటి రంధ్రమున్న పెద్ద వలయం ఒకటి మసగ్గా కనిపిస్తుంది. ఫోకస్ నాబ్ తిప్పుతుంటే అది కుంచించుకుని గ్రహమవుతుంది. అదీ కనిపించకపోతే బార్లో తీసేసి కెమెరా ఒక్కటే పెట్టి పట్టుకోండి, మధ్యకు తెచ్చాక బార్లో చేర్చండి. ఫైండర్‌ను (గురి చూసే చిన్న దుర్బిణీని) కూడా ఐపీస్‌తో కాక, కెమెరా తెర మీద గ్రహం మధ్యలో ఉన్నప్పుడే సరిచేసి పెట్టుకుంటే మర్నాటికి వెతుకులాట తప్పుతుంది.

ప్రశ్న: మోటారు లేని డాబ్సోనియన్‌తో కెమెరా వాడొచ్చా?

నిరభ్యంతరంగా. పైన చెప్పిన 2400 మి.మీ. లెక్కలోనే చూడండి. 1936 పిక్సెళ్ల వెడల్పున్న సెన్సర్ మీద గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి దాదాపు 32 సెకన్లు పడుతుంది. గ్రహాన్ని ఒక అంచు బయట పెట్టి, చెయ్యి తీసి, ఊగు ఆగాక రికార్డింగ్ మొదలుపెట్టండి. దాటిపోగానే మళ్లీ ముందుకు జరిపి ఇంకో ముక్క. మూడు నాలుగు నిమిషాల్లో అయిదారు ముక్కలు వస్తాయి, పిప్‌లో అన్నీ కలిపేయొచ్చు. ఎఫ్/5, ఎఫ్/6 న్యూటోనియన్లలో సెన్సర్ చివరల దగ్గర బొమ్మ తోకలు సాగుతుంది. కాబట్టి మధ్య భాగంలో వచ్చిన ఫ్రేములకే విలువ ఎక్కువ.

ప్రశ్న: లైవ్‌లో గ్రహం నీటి అడుగున ఉన్నట్టు కదిలిపోతోంది. గాలి తప్పా, టెలిస్కోపు తప్పా ఎలా తెలుస్తుంది?

మాకు వచ్చిన ప్రశ్నల్లో ఇది అన్నిటికంటే పనికొచ్చేది. జవాబు కొంచెం పొడుగు.

తల మీదికి ఎక్కువ ఎత్తులో ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రాన్ని తీసుకుని, ఫోకస్ కొద్దిగా తప్పించండి. వలయాలతో కూడిన గుండ్రటి పళ్లెం కనిపిస్తుంది. దాన్ని ఒక నిమిషంపాటు కదలకుండా చూడండి. పళ్లెం మొత్తం మీదుగా ఒకే దిక్కుకు ముడతలు వేగంగా పరిగెడుతుంటే అది పైన చాలా ఎత్తులో వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ గాలి పని. మనం చేయగలిగిందేమీ లేదు. 200, 300 మిల్లీబార్ల ఎత్తులో గాలి వేగం చూపించే వాతావరణ పటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ ఎత్తులో గాలి నెమ్మదిగా వీచే రాత్రిని ఎంచుకోవడమే మార్గం.

అలా కాక, పళ్లెంలో ఒక పక్క నుంచి పొగలాంటి తీగ నెమ్మదిగా పైకి లేస్తూ, అక్కడే మెలికలు తిరుగుతుంటే అది మీ గొట్టంలోని వేడి. అద్దం ఇంకా చల్లారలేదన్నమాట. టెలిస్కోపును గది నుంచి బయటపెట్టి 8 అంగుళాల అద్దానికి కనీసం గంటసేపు ఆగాలి. అద్దం వెనక చిన్న కంప్యూటర్ ఫ్యాన్ పెడితే సగం సమయం కలిసొస్తుంది. గొట్టం మూసి ఉండే ష్మిట్-కాసెగ్రెయిన్లు ఇంకా నిదానంగా చల్లారతాయి. బయటి చలి గంటగంటకూ పెరిగే రాత్రుల్లో అద్దం ఎప్పటికీ దాన్ని అందుకోలేదు. అటువంటప్పుడు గొట్టం చుట్టూ వెండిరంగు ఇన్సులేషన్ షీటు చుడితే లోపలి గాలి కదలకుండా నిలబడుతుంది. చాలామంది నమ్మరు గానీ ఇది పనిచేస్తుంది.

మూడోది, చుట్టుపక్కల వేడి. పగలంతా ఎండ పీల్చుకున్న కాంక్రీటు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఇంటి కప్పు మీదుగా, ఏసీ యంత్రం మీదుగా, తారు రోడ్డు మీదుగా గ్రహాన్ని చూడకండి. గచ్చు కన్నా గడ్డి నేల నయం. ఒకే చోట నిలబడి గ్రహం కప్పు అంచు దాటి వచ్చేదాకా ఆగితే బొమ్మ ఒక్కసారిగా తేరుకోవడం కళ్లారా చూడొచ్చు.

ఆపైన గ్రహం ఎత్తు. దిగంతానికి 30 డిగ్రీల లోపు ఉన్నప్పుడు దానికీ మనకూ నడుమ గాలి మందం నడినెత్తికి రెట్టింపు కన్నా ఎక్కువ. 45 డిగ్రీలు దాటాకే అసలు పని మొదలుపెట్టాలి.

ప్రశ్న: ష్మిట్-కాసెగ్రెయిన్‌లో కాలిమేషన్ (అద్దాలను ఒకే వరసకు తేవడం) ఎలా చేయాలి? మరలు ముట్టుకోవాలంటే భయంగా ఉంది.

భయం వద్దు, తొందర కూడా వద్దు. ముందున్న చిన్న అద్దం వెనక మూడు మరలుంటాయి. పనంతా వాటితోనే. మూడింటినీ ఒకేసారి వదులు చేయకూడదు, అద్దం ఊడి కింద పెద్ద అద్దం మీద పడే ప్రమాదం ఉంది. నడుమ నాలుగో మర ఏదైనా ఉంటే దాని జోలికి పోవద్దు.

టెలిస్కోపు చల్లారాక, గ్రహానికి దగ్గర్లో ఉన్న నక్షత్రాన్ని తెర మధ్యకు తెచ్చి ఫోకస్ తప్పించండి. వలయాల నడుమ నల్లటి నీడ సరిగ్గా మధ్యలో ఉందా చూడండి. ఒక పక్కకు ఒరిగి ఉంటే, నీడ ఏ వైపు ఒరిగిందో ఆ వైపుకే నక్షత్రాన్ని మౌంట్ (టెలిస్కోపు స్టాండు) నాబ్‌లతో జరపండి. ఇప్పుడు ఒక మరను ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పి, నక్షత్రం మళ్లీ మధ్యకు వస్తోందా చూడండి. రాకపోతే వెనక్కి తిప్పి రెండో మర. ఇలా ఫోకస్‌కు దగ్గరయ్యేకొద్దీ మళ్లీ మళ్లీ చూసుకుంటూ రావాలి. చివర్లో చిన్న చుక్క చుట్టూ ఒక సన్నటి వలయం అన్ని వైపులా సమానంగా వస్తే పని పూర్తయినట్టు. వలయం ఒక పక్కే మందంగా ఉంటే ఇంకాస్త మిగిలి ఉంది. కాలిమేషన్ కొద్దిగా తప్పినా ష్మిట్-కాసెగ్రెయిన్లు గ్రహం విషయంలో అస్సలు క్షమించవు.

ప్రశ్న: ఫోకస్ కుదిరిందో లేదో తేల్చుకోలేకపోతున్నాను. నాబ్ ముట్టుకోగానే బొమ్మ ఎగిరిపోతోంది.

స్థూలంగా కుదుర్చుకోవడానికి నక్షత్రం మీద బహ్తినోవ్ మాస్క్ (టెలిస్కోపు ముందు తగిలించే చీలికల మూత) వాడండి. తర్వాత గ్రహం మీదికి వచ్చి సన్నటి సవరింపు చేయాలి. గురుడికైతే దాని చందమామలు చిన్నగా, గట్టిగా అయ్యే చోటు చూడండి. శనికైతే వలయాల చివరల్లో కాసిని చీలిక, కుజుడికైతే ధ్రువపు మంచు అంచు. ఆ చోటును అటూ ఇటూ రెండు మూడుసార్లు దాటి, రెండు వైపులా ఎక్కడ చెడుతోందో గుర్తుపెట్టుకుని వాటి నడుమకు రండి. గాలి కదులుతుంటే ఒక్క క్షణం చూసి తేల్చకూడదు, పది సెకన్లు చూడాలి.

బొమ్మ ఎగరడానికి మందు ఫోకస్ మోటారే. కొనాలనుకున్న సరంజామాలో దీన్ని ముందు పెట్టుకోమంటాం. అప్పటిదాకా నాబ్‌కు ఒక బట్టలక్లిప్ తగిలించి దాని చివర వేలితో కదిపితే సన్నగా తిరుగుతుంది, ఊగు తగ్గుతుంది. రాత్రి చల్లబడేకొద్దీ గొట్టం కుంచించుకుని ఫోకస్ జరుగుతుంది గనుక ప్రతి పావుగంటకూ మళ్లీ చూసుకోవాలి.

ప్రశ్న: గెయిన్, ఎక్స్‌పోజర్, ఫ్రేముల సంఖ్య ఎంత పెట్టాలి? గురుడికి ఎన్ని నిమిషాలు తీయొచ్చు?

8 అంగుళాలకు, ఎఫ్/12 నుంచి ఎఫ్/15 మధ్య, గురుడికి 8 నుంచి 12 మిల్లీసెకన్లు, శనికి 20 నుంచి 30, కుజుడికి 3 నుంచి 6 పెట్టి చూడండి. ఎక్స్‌పోజర్ ముందు తేల్చుకుని, హిస్టోగ్రామ్ (ఫ్రేములో వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) 60 శాతం దగ్గరికి వచ్చేదాకా గెయిన్ పెంచండి. గెయిన్ ఎక్కువై గరుకు కనిపించినా దిగులుపడొద్దు, పేర్చినప్పుడు పోతుంది. ఎక్స్‌పోజర్ ఎక్కువై అలుక్కుపోయిన వివరం మాత్రం తిరిగి రాదు.

ఫైర్‌క్యాప్చర్‌లోగానీ షార్ప్‌క్యాప్‌లోగానీ (ఇవి రికార్డింగ్ ప్రోగ్రాములు) గ్రహం చుట్టూ 640×480 చట్రం మాత్రమే ఎంచుకోండి. ఫార్మాట్ ఎస్‌ఈఆర్, 8 బిట్, రా. రికార్డింగ్‌లోనే రంగులుగా మార్చే అమరిక ఉంటే ఆపేయండి, దానివల్ల ఫైలు మూడింతలై వేగం పడిపోతుంది. 640×480 రా ఫ్రేము 307 కిలోబైట్లు. సెకనుకు 100 ఫ్రేములంటే 31 మెగాబైట్లు, రెండు నిమిషాలకు 12,000 ఫ్రేములు, 3.7 గిగాబైట్లు. అందుకే యూఎస్‌బీ 3 కేబులు, ఎస్‌ఎస్‌డీ డిస్కు ఉండాలంటున్నాం. పాత తిరిగే డిస్కుల్లో ఫ్రేములు మధ్యమధ్యలో రాలిపోతాయి, తెర కింద "డ్రాప్డ్" అంకె పెరుగుతుంటే అదే కారణం.

ఇక నిమిషాల సంగతి. గురుడు తన చుట్టూ తాను తిరగడానికి 10 గంటలు కూడా పట్టదు. 45 ఆర్క్‌సెకన్ల బింబం నడుమ ఉన్న మచ్చ నిమిషానికి దాదాపు పావు ఆర్క్‌సెకను, అంటే మన లెక్కలో ఒక పిక్సెల్ జరుగుతుంది. కాబట్టి రెండు నిమిషాలు, మహా అయితే మూడు. శని కూడా వేగంగానే తిరుగుతుంది గానీ బింబం చిన్నది, వివరాలు తక్కువ. అయిదు నిమిషాలు తీయొచ్చు. కుజుడు తిరగడానికి 24 గంటల 37 నిమిషాలు తీసుకుంటాడు గనుక ఏడెనిమిది నిమిషాలైనా ఇబ్బంది లేదు. గురుడికి ఇంకా ఎక్కువ ఫ్రేములు కావాలంటే రెండేసి నిమిషాల వీడియోలు వరసగా అయిదు తీసి, విడివిడిగా పేర్చి, విన్‌జూపోస్ ప్రోగ్రాంలో తిరుగుడు సరిచేసి కలపాలి. అందుకు కంప్యూటర్ గడియారం సరైన సమయం చూపించడం ముఖ్యం.

ప్రశ్న: గ్రహానికి ఒక అంచున ఎరుపు, ఎదుటి అంచున నీలం వస్తోంది. లెన్స్ లోపమా?

కాదు. గాలే పట్టకంలా పనిచేసి రంగులను విడదీస్తోంది. గ్రహం 45 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఊదా నుంచి ఎరుపు దాకా చెదిరింపు దాదాపు 1.4 ఆర్క్‌సెకన్లు, 30 డిగ్రీలకు దిగితే 2.5. మన టెలిస్కోపు హద్దు 0.6 అని గుర్తుంచుకుంటే ఇది ఎంత పెద్దదో తెలుస్తుంది. పేర్చిన తర్వాత, బొమ్మకు పదును పెట్టే ప్రోగ్రాం రెజిస్టాక్స్‌లో మూడు రంగులనూ జరిపి ఒకదాని మీద ఒకటి కూర్చే మీట ఉంది, అంచుల రంగు పోతుంది. అయితే ఒక్కో రంగు లోపల జరిగిన చెదిరింపు అలాగే ఉంటుంది, నీలంలో మరీను. దానికి ఏడీసీ అనే పరికరం కావాలి. అందులో రెండు చిన్న పట్టకాలు ఎదురెదురుగా తిరుగుతాయి. బార్లోకూ కెమెరాకూ నడుమ పెట్టాలి. అలా పెట్టినప్పుడు దూరం పెరిగి బార్లో శక్తి కూడా పెరుగుతుందని లెక్కలో వేసుకోండి. గ్రహం నడినెత్తికి దగ్గరగా ఉండే ఏళ్లలో ఇది లేకపోయినా గడిచిపోతుంది.

ప్రశ్న: స్టాకింగ్ ప్రోగ్రాం ఆటోస్టాకర్ట్‌లో ఎంత శాతం ఫ్రేములు తీసుకోవాలి? రెజిస్టాక్స్‌లో స్లైడర్లు జరిపితే మొదట బాగుండి, తర్వాత గ్రహం ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతోంది.

విశ్లేషణ పూర్తయ్యాక ఆటోస్టాకర్ట్ ఒక నాణ్యతా గ్రాఫ్ చూపిస్తుంది. గీత సగం మార్కును ఎక్కడ దాటుతోందో అక్కడిదాకా తీసుకోవడం మంచి ఆరంభం. గాలి బాగున్న రాత్రి 50 శాతం, బాగోలేనప్పుడు 10 నుంచి 20. అయితే శాతం కన్నా సంఖ్య ముఖ్యం. రెండు వేల ఫ్రేములకు తగ్గితే పదును పెట్టగానే గరుకు బయటపడుతుంది. అలైన్‌మెంట్ పాయింట్లు (ఫ్రేములను ఒకదానికొకటి సరిపెట్టే చోట్లు) మరీ చిన్నవి పెడితే ప్రోగ్రాం గరుకునే వివరమనుకుని వెంటపడుతుంది, గురుడి అంచులు గళ్లుగళ్లుగా విరుగుతాయి. బింబం మీద పాతిక ముప్ఫై పాయింట్లు చాలు. డ్రిజిల్ (బొమ్మను పెద్దది చేసి పేర్చే అమరిక) వద్దు, పిక్సెల్ లెక్క ముందే సరిగ్గా వేసుకున్నవాళ్లకు దానితో ఒరిగేదేమీ లేదు.

ఇక పదును పెట్టడం. వేవ్‌లెట్లలో (రెజిస్టాక్స్ స్లైడర్లు కదిపేవి ఇవే) మొదటి పొర అతి సన్నటి వివరానిది, గరుకు ఉండేదీ అక్కడే. రెండు, మూడు పొరలను పెంచి, మొదటిదాన్ని కొద్దిగా కదిపి, దాని డీనాయిస్ కాస్త ఇవ్వండి. కళ్లు అలవాటుపడిపోయి ఎంత పెంచినా చాలలేదనిపిస్తుంది, కాబట్టి బాగుందనిపించిన చోట సేవ్ చేసి పక్కన పెట్టి, మర్నాడు పగటి వెలుతురులో చూడండి. దాదాపు ప్రతిసారీ తగ్గించాల్సి వస్తుంది.

అతి చేసినప్పుడు కనిపించే గుర్తులు ఇవి. గ్రహం అంచున తెల్లటి గీత. కుజుడికి వెలుతురు అంచు లోపల అదే వంపుతో ఇంకో సన్నటి గీత వస్తుంది, అది కుజుడి మీద ఉన్నది కాదు, కాంతి వివర్తనం మీద పదును పెట్టడం వల్ల పుట్టింది. చందమామల చుట్టూ నల్లటి వలయం. శని బింబం మీద ఉల్లిపాయ పొరల్లాంటి వలయాలు వస్తే మాత్రం తప్పు పదునులో కాదు, రికార్డింగ్‌లో ఉంది. 8 బిట్‌లో గెయిన్ మరీ తగ్గించి, హిస్టోగ్రామ్ అడుగున తీసినప్పుడు వెలుతురు మెట్లు మెట్లుగా నమోదవుతుంది, పదును పెట్టగానే ఆ మెట్లు పైకి తేలతాయి. మరోసారి గెయిన్ పెంచి తీయండి. రంగుల కెమెరాలో సన్నటి జాలీలాంటి గళ్లు కనిపిస్తే గ్రహం ఫ్రేములో అస్సలు కదలకుండా ఉండిపోయిందని అర్థం. మౌంట్‌ను అప్పుడప్పుడు కాస్త జరుపుతూ తీస్తే పోతుంది.

ప్రశ్న: ఊళ్లో వీధిదీపాల వెలుతురు ఎక్కువ. చీకటి చోటుకు వెళ్లాలా?

గ్రహాలకు అవసరం లేదు. దీపాల కాంతికి అవి లొంగేవి కావు. పున్నమి రాత్రి కూడా తీయొచ్చు. పైగా, పలచటి మంచుపొగ కమ్మిన రాత్రుల్లో గాలి తరచు చాలా నిలకడగా ఉంటుంది. నక్షత్రాలు పదునుగా మిణుకుమిణుకుమనే రాత్రే గ్రహాలకు చెడ్డది.

ప్రశ్న: కుజుడు ఎప్పుడు తీసినా నారింజ చుక్కలాగే ఉంటున్నాడు. ఏ సమయంలో తీయాలి?

కుజుడు ఏడాదిలో ఎక్కువ కాలం 4 నుంచి 6 ఆర్క్‌సెకన్లే ఉంటాడు. దాదాపు 26 నెలలకోసారి సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు, ఆ ముందు వెనకల ఆరేడు వారాలే అసలు అదును. అన్ని అదునులూ సమానం కాదు. 2027 ఫిబ్రవరిలో బింబం 14 ఆర్క్‌సెకన్ల లోపే ఉంటుంది, 2033 జూన్ ఆఖర్లో 22కు, 2035 సెప్టెంబరులో 24 దాటి పెరుగుతుంది. అలాగని 2035 దాకా ఆగకండి. చిన్న బింబం మీద చేయి తిరిగినవాళ్లకే పెద్ద బింబం వచ్చినప్పుడు పని జరుగుతుంది.

శని వలయాలు 2025 మార్చిలో మనకు అంచు చూపించాయి, అప్పటి నుంచి మళ్లీ ఏటేటా విచ్చుకుంటూ 2032 ప్రాంతానికి బాగా తెరుచుకుంటాయి. శని సూర్యుడికి ఎదురుగా వచ్చిన రోజుకు ముందూ వెనకా ఒక వారం పాటు వరసగా తీసి చూడండి, ఆ రోజు దగ్గర వలయాలు బింబం కన్నా కొట్టొచ్చినట్టు వెలుగుతాయి.

ప్రశ్న: శుక్రుడిని పగలు తీయొచ్చా?

తీయొచ్చు, సాయంత్రం దిగంతం దగ్గర తీసేకన్నా పగలు ఎత్తుగా ఉన్నప్పుడే బొమ్మ బాగుంటుంది. మామూలు కాంతిలో చంద్రకళలాంటి ఆకారం తప్ప ఏమీ కనిపించదు, అతినీలలోహిత ఫిల్టర్ పెడితే మేఘాల చారలు బయటపడతాయి. కానీ సూర్యుడు ఎప్పుడూ 47 డిగ్రీల లోపే ఉంటాడు. టెలిస్కోపును సూర్యుడి మీదుగా ఒక్క క్షణం తిప్పినా కన్నూ కెమెరా రెండూ పోతాయి. ఇంటి నీడ టెలిస్కోపు మీద పడే చోట నిలబెట్టి, ఫైండర్‌కు మూత పెట్టి, అప్పుడు మొదలుపెట్టండి. పిల్లలు పక్కనుంటే ఈ పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: మా ఫొటోలు శాస్త్రానికేమైనా ఉపయోగపడతాయా, సరదాకేనా?

ఉపయోగపడుతున్నాయి. 2006 ఫిబ్రవరిలో గురుడి మీది తెల్లటి అండాకారపు తుఫాను ఎర్రబారిందని మొదట గమనించింది ఫిలిప్పీన్స్‌కు చెందిన ఔత్సాహికుడు క్రిస్టఫర్ గో. 2009 జులై 19న ఆస్ట్రేలియాలో ఆంథనీ వెస్లీ తన 14.5 అంగుళాల టెలిస్కోపుతో గురుడి మీద కొత్త నల్లమచ్చ చూశాడు. ఏదో వచ్చి ఢీకొన్న గుర్తు అది. ఆ కబురందాక పెద్ద టెలిస్కోపులు అటు తిరిగాయి. 2016లో గురుడి కక్ష్యలోకి చేరిన జూనో నౌక బృందం కూడా భూమి నుంచి ఔత్సాహికులు తీసిన బొమ్మలను వాడుకుంది.

అలా పనికిరావాలంటే ప్రతి ఫొటో వెంట కొన్ని వివరాలు ఉండాలి. వీడియో నడిమధ్య సమయం యూనివర్సల్ టైమ్‌లో నిమిషంలో పదో వంతు దాకా, టెలిస్కోపు వ్యాసం, ఫిల్టర్, ఉత్తరం ఎటు ఉందో. అందంకోసం రంగులు మార్చినది, కృత్రిమ బుద్ధితో వివరాలు పూరించినది పంపకూడదు. అందులో ఏది గురుడిదో ఏది ప్రోగ్రాందో చెప్పలేం.

వీడియోలు పేర్చగానే చెరిపేయకుండా కొన్ని వారాలు ఉంచండి. 2010 జూన్ 3న వెస్లీ వీడియోలో గురుడి మీద రెండు సెకన్ల మెరుపు పడింది. అదే సమయానికి రికార్డు చేస్తున్న క్రిస్టఫర్ గో తన వీడియో వెతికితే అందులోనూ అదే చోట అదే మెరుపు ఉంది. ఒక్కరి దగ్గరే ఉంటే కెమెరా దోషమనుకునేవాళ్లు. డిటెక్ట్ అనే ఉచిత ప్రోగ్రాం ఇలాంటి మెరుపుల కోసం వీడియోలను జల్లెడ పడుతుంది, డిస్కు ఖాళీ చేసేముందు ఒకసారి అందులో వేసి చూడండి.